ఎడమచెవి పక్క కుర్చీ

ఆ ఎండాకాలం మా ఇంట్లో మాట అనేది మా ఆవిడ చేతిసంచీతో పాటు బస్సెక్కి వెళ్ళిపోయింది.

గొడవేమీ జరగలేదు. గొడవ జరగాలంటే ఇద్దరూ మాట్లాడాలి. నిమ్మతోటలో చివరి కోత అయిపోయిన సాయంత్రం, షెడ్డులో కాయలు ఏరుతూ అడిగింది. పట్నంలో కుట్టుషాపు నడిపే వాళ్ళ చెల్లెలికి బడిపిల్లల యూనిఫారాల పని మీద పడిందట. చేతికింద నమ్మకమైన మనిషి కావాలట.

"వెళ్ళనా?" అంది.

"నీ ఇష్టం," అన్నాను.

ఆవిడ చేతిలో కాయ ఆగింది. ఇంకేమైనా అంటానేమోనని కాసేపు చూసింది. నేను గోనెసంచి మూతి కుడుతున్నాను. పురికొస ముడి వేసి, మిగిలిన కొస కోసేసి, సంచిని పక్కకి జరిపాను. ఆవిడ ఆ కాయని మచ్చకాయల బుట్టలో వేసింది. అది మంచికాయే. నేను చూశాను. ఏమీ అనలేదు.

మర్నాడు బస్సు కోసం నిలబడ్డప్పుడు సంచీ నేనే పట్టుకున్నాను. బస్సు దుమ్ము మలుపులో కనిపించాక అంది:

"గోడతో మాట్లాడితే మన గొంతయినా మనకి తిరిగొస్తుందండీ. మీతో మాట్లాడితే అది కూడా రాదు."

నవ్వుతూనే అంది. ఎక్కి కూర్చున్నాక కిటికీలోంచి వంగి, "బడులు తెరిచేదాకా ఉంటాను. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత," అంది.

మా అమ్మాయి పెళ్ళయి వెళ్ళేదాకా ఇంట్లో మాటకి కరువు లేదు. తల్లీకూతుళ్ళు వంటింట్లో మొదలుపెట్టిన మాట వాకిట్లో పూర్తిచేసేవాళ్ళు. నేను వింటూ ఉండేవాణ్ణి. అమ్మాయి వెళ్ళాక ఆవిడ మాటలన్నీ నా ఒక్కడి మీదా పడ్డాయి. నేనేమో బెల్లం కొట్టిన రాయిని. మా నాన్నా అంతే. మేమిద్దరం పొద్దున తోటకి వెళ్ళి, మళ్ళుగట్టి, సాయంత్రం ఇంటికొచ్చేవాళ్ళం. దారిలో పాము కనిపిస్తే మాత్రం ఒకరికొకరం చెప్పుకునేవాళ్ళం.

ఆవిడ వెళ్ళాక ఇల్లు పెద్దదైనట్టు అనిపించింది. అన్నం గిన్నె మూత కిందపడితే ఆ చప్పుడు ఆఖరి గదిదాకా వెళ్ళి వచ్చేది. ఆవిడ ఫోను చేసేది. "ఏం విశేషాలు?" అనేది. "ఏం లేవు," అనేవాణ్ణి. నిజానికి ఉండేవి. ఉడుత ఒకటి షెడ్డు దూలం మీద గూడు పెట్టింది. మోటారు దగ్గర గొట్టం చిమ్ముతుంటే అక్కడికి రోజూ ఒకే పిట్ట స్నానానికొచ్చేది. అవి ఫోనులో చెప్పే సంగతులని నాకు తోచేది కాదు.

ఎండలు ముదిరాక మరదలు ఫోను చేసింది.

"బావగారూ, అక్కకి చెయ్యి తిరిగింది. మేము పక్కగది కూడా తీసుకుంటున్నాం. బడులు తెరిచాక కూడా ఇక్కడే ఉండిపొమ్మంటున్నా. ఆలోచిస్తానంది. మీరేమంటారు?"

నేను ఏమనాలో వెతుక్కుంటున్నాను.

"బావగారూ, ఉన్నారా?"

"ఉన్నాను."

"ఉంటారు లెండి. వీధిలో స్తంభం కూడా ఉంటుంది," అని పెట్టేసింది.

ఆ వారంలోనే గోధుమలు పట్టించుకోవడానికి మరకి వెళ్ళాను.

మా ఊళ్ళో పిండిమర నడిపే మనిషి, నేనూ చిన్నప్పుడు ఒకే బల్లమీద కూర్చున్నాం. ఊరంతా అతన్ని మరాయన అంటారు. కుడిచెవిని మర తినేసింది. బెల్టు ఆ వైపే తిరిగేది. ఎడమచెవిలో సగం మిగిలింది. తన గొంతు ఎంత పెద్దదో అతనికి తెలీదు. ఇంట్లో గుసగుసలాడితే వీధి చివర వాళ్ళకి వాళ్ళింటి కూర ఏమిటో తెలిసిపోతుంది. మరలో ఒక రేడియో పెట్టుకున్నాడు. పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా అది మోగుతూనే ఉంటుంది, మర చప్పుడులో ఒక్క ముక్క ఎవరికీ వినబడదు. ఎందుకురా అని ఒకసారి అడిగితే, "పాడేవాళ్ళు పాడుతుంటే కట్టేయడం మర్యాదా?" అన్నాడు.

మర దగ్గర మాట్లాడ్డానికి ఒక పద్ధతుంది. కొత్తవాళ్ళు మర చప్పుడు మీదకెక్కి అరుస్తారు. అలా అరిస్తే ఏమీ అందదు. చెవి దగ్గర చెయ్యి గొడుగులా పట్టి, గొంతు తగ్గించి, చప్పుడు కిందనుంచి మాటని తోయాలి. నెమ్మదిగా, ఒక్కో మాటా విడివిడిగా. ఆ పద్ధతి నాకు మరాయనే నేర్పాడు. నేర్పాడే కానీ నేను వాడింది తక్కువ.

ఆ రోజు మర ఆపి, ఒంటిమీద పిండి దులుపుకుంటూ నా ముందు నిలబడ్డాడు.

"ఒరేయ్, శనాదివారాలు ఏంచేస్తున్నావు?"

"తోటకి నీళ్ళు."

"శుక్రవారమే పాదుల నిండా పెట్టెయ్. రెండ్రోజులు నీ మొహం చూడకపోతే చెట్లేం ఏడవవు. పట్నంలో పాటకచేరీలు. శనివారం, ఆదివారం. మా తమ్ముడి టెంటుహౌసు వాళ్ళే కుర్చీలు వేస్తున్నారు. రెండు పాసులిచ్చాడు."

"మీ ఆవిణ్ణి తీసుకెళ్ళు."

"అడిగా. నీ పక్కన కూర్చుంటే నా పరువు పోతుందంది."

"మరి నా పరువు?"

"నోరే లేనివాడికి పరువేంట్రా?" అని నవ్వి, నా భుజం మీద చెయ్యేశాడు. చొక్కామీద అయిదువేళ్ళూ తెల్లగా పడ్డాయి. "ఒక్క షరతు. నాకు రాగం అందుతుంది కానీ మాట అందదు. నా ఎడమపక్క కూర్చుని నువ్వు చెప్పాలి."

"నేనా?"

"నువ్వే. ఇంకెవర్ని తీసుకెళ్ళినా వాళ్ళ సొంత సంగతులు కలిపి చెప్తారు. నీ దగ్గర కలపడానికేమీ ఉండదు."

అంతటితో ఆగకుండా నా చెవి దగ్గరకి వంగాడు. "ఈ మిగిలిన సగం కూడా మూతపడేలా ఉందిరా. ఈలోగా ఒక్కసారి ఎదురుగా కూర్చుని వినాలని," అన్నాడు. అది మాత్రం రహస్యంగా అన్నాననుకున్నాడు. డబ్బాలు పట్టుకుని వరసలో నిలబడ్డవాళ్ళంతా తలలు తిప్పారు.

నేను సరేనన్నాను. పట్నం అన్నాడు కదా అని కూడా అనుకున్నాను. అది పైకి అనలేదు.

*

శనివారం సాయంత్రం హాలు నిండిపోయింది. మాకు మధ్య వరసలో కుర్చీలు దొరికాయి. మరాయన కూర్చోబోతూ కుర్చీని తిరగేసి అడుగు చూశాడు. తమ్ముడి పేరు రంగుతో రాసుంది. "మనదే," అని తృప్తిగా కూర్చున్నాడు.

మొదట పాడినావిడ సన్నగా, పొడుగ్గా ఉంది. ఆవిడ కళ్ళు మూసుకుని గొంతు విప్పగానే హాల్లో విసనకర్రలు కూడా ఆగిపోయాయి. ఆ నిశ్శబ్దంలో, మర అవతలివైపున్న మనిషిని పిలిచినట్టు మరాయన అడిగాడు:

"ఏమంటోందిరా ఈవిడ?"

హాలంతా తిరిగి చూసింది. డోలు వాయించే అతని చెయ్యి గాల్లోనే నిలిచింది. భుజానికి నిర్వాహకుల రిబ్బను గుచ్చుకున్న ఒకావిడ చరచరా వచ్చి, ఇంకోసారి ఇలా జరిగితే బయట కూర్చోవాల్సి వస్తుందని మర్యాదగా చెప్పింది. ఆవిడ చెప్పింది మరాయనకి వినబడలేదు. "ఏమంటోందిరా ఈవిడ?" అన్నాడు మళ్ళీ, ఇంకా గట్టిగా.

చెయ్యి గొడుగులా పట్టి అతని ఎడమచెవిలో అన్నాను:

"రమ్మంటోంది."

"ఎవర్ని?"

"తెలీదు. మెల్లగా అడుగు."

కాసేపాగి, "ఇప్పుడు?" అన్నాడు.

"ఇప్పుడూ రమ్మనే."

"ఇంకా రాలేదా వాడు?"

ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. నాకు ఒక సంగతి అర్థమైంది. ఇతను అడిగితే అరుస్తాడు. అరవకుండా ఉండాలంటే అడగకముందే నేను చెప్తూ ఉండాలి. నోరు ఆపితే మేమిద్దరం బయటే.

చెప్పడం మొదలుపెట్టాను. మొదట పాటలో మాటలే చెప్పాను. నది అవతల ఎవరో ఉన్నారు, నీళ్ళు పెరుగుతున్నాయి, పడవవాడు రానంటున్నాడు. ఆవిడ ఒక్కో మాటనీ అంతసేపు సాగదీస్తుంటే నా దగ్గర సరుకు అయిపోయేది. సరుకు అయిపోగానే మరాయన మెడ నావైపు తిరిగేది, నోరు తెరుచుకునేది. నేను గబగబా కనిపించిందల్లా చెప్పేవాణ్ణి. ఆవిడ భుజం మీద చీమ పాకుతోంది, దులుపుకోవడం లేదు. డోలాయన తన చెప్పులు స్తంభం వెనక దాచుకుని మాటిమాటికీ చూసుకుంటున్నాడు. వయొలిన్ అతను గడ్డం కింద చేతిరుమాలు మడత పెట్టుకున్నాడు, దానికి ఒక మూల చిరుగు. ఆవిడ పైకి వెళ్ళినప్పుడు అతను వెనకే వెళ్తున్నాడు, పసివాడి వెనక చేతులు చాచుకుని నడిచినట్టు.

"అబ్బ," అన్నాడు మరాయన. అంతే అన్నాడు. మెల్లగానే అన్నాడు.

కచేరీ ముగిసేసరికి నా గొంతు బొంగురుపోయింది. బయట టీ తాగుతూ మాట్లాడబోతే గాలి మాత్రమే వచ్చింది.

"తుప్పు రాలుతోందిలే," అన్నాడు మరాయన. "రేపటికి సాఫవుతుంది."

మా ముందు వరసలో నవ్వినాయన కూడా టీ తాగడానికి వచ్చాడు. ముసలాయన, చేతిలో గొడుగు. నా దగ్గరకొచ్చి, "అయ్యా, రేపు కూడా వస్తారా?" అని అడిగాడు.

క్షమించమని చెప్పబోయాను.

"అది కాదు. రేపూ మీ ముందే కూర్చుంటాను. ఆ చీమ సంగతి నేను గమనించనే లేదు," అన్నాడు.

పడుకోవడం టెంటుహౌసు గోదాములో, మడతకుర్చీల గుట్టల మధ్య. మరదలి ఇంటికి వెళ్ళవచ్చు కదా అని మరాయన అడగలేదు. అడగనందుకు నాకు ఊపిరాడింది.

*

ఆదివారం పొద్దున కచేరీ ఆరుబయట, చెట్ల కింద. వేణువు, పక్కన డోలు. పాట లేదు. ఇవాళ నాకు సెలవే అనుకుని కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

వేణువు మొదలైన కాసేపటికి మరాయన మోచేత్తో పొడిచాడు.

"చెప్పు."

"మాటల్లేవురా. వట్టి వేణువు."

"నాకది అందట్లేదు. పైకి పోయిన చప్పుడేదీ నాకు అందదు. డోలొక్కటే కడుపులో తెలుస్తోంది. వాడు చేతివేళ్ళు ఆడిస్తున్నాడు, అందరూ తలలూపుతున్నారు, నేను గుడ్లప్పగించి చూస్తున్నా. ఆ పైన ఏం జరుగుతోందో చెప్పు."

అతను దూరం నుంచి తెచ్చుకున్న కోరిక ఇది. ఆ మొహం చూస్తే కాదనబుద్ధి కాలేదు. కానీ మాటల్లేని దాన్ని ఏమని చెప్పను? నాకు తెలిసింది తోటొక్కటే. అందులోంచే తీశాను.

"కాలువకి నీళ్ళు వదిలినట్టుంది," అన్నాను చెవిలో. "పొద్దున్నే. నీళ్ళింకా కనబడవు. ముందు ఎండుటాకులు కదుల్తాయి."

"ఊఁ."

"ఇప్పుడు మొదటి పాదులోకి దిగింది. గిరగిరా తిరుగుతోంది. నేల పగుళ్ళు తాగుతుంటే బుడగలొస్తాయి చూడు, అలా."

"ఊఁ ఊఁ."

"నిండింది. పొర్లి పక్కపాదుకి."

వేణువతను ఊపిరి మార్చుకుని వేరే చాలు ఎత్తుకున్నాడు. చిన్నచిన్న స్వరాలు, జోరుగా, ఒకదాని వెనకొకటి. అది నీళ్ళు కాదు. అదేమిటో నాకు వెంటనే తెలిసిపోయింది. వేలుపెట్టి చూపించినంత బాగా తెలిసింది.

"ఇది మా ఆవిడ కాయలేరుతున్నట్టుంది," అన్నాను. "గుప్పిట్లోకి ఎన్ని పడితే అన్ని తీస్తుంది. బొటనవేలితో దొర్లిస్తుంది. మంచిది ఒకవైపు, మచ్చకాయ ఒకవైపు. బుట్ట వంక చూడదు. చూసే పనిలేదు. ఆ చేతులు అలా ఆడుతుంటే నోటితో ఊరి సంగతులన్నీ చెప్తూనే ఉంటుంది. అమ్మాయి ఫోనులో ఏమందో, పక్కతోటాయన చూరు ఎందుకు కూలిందో. చెయ్యి మాటకి అడ్డురాదు, మాట చేతికి అడ్డురాదు. నవ్వొచ్చినప్పుడు మాత్రం ఒక కాయ జారుతుంది. ఇదుగో, జారింది."

డోలు తగ్గింది. వేణువు కూడా సన్నగిల్లి, సన్నగిల్లి, ఆగింది.

"ఆగిందా?" అన్నాడు మరాయన.

"ఆగింది."

"ఎందుకు?"

"నేనేమీ అనలేదని."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. వచ్చాక నేనూ విన్నాను. మరాయన నావైపు తిరగలేదు. ఎదురుగానే చూస్తున్నాడు. చెట్టుమీదనుంచి ఒక పండుటాకు రాలి అతని మోకాలి మీద పడింది, తీసేయలేదు.

వేణువు మళ్ళీ మొదలైంది. "మళ్ళీ మొదలెట్టింది," అన్నాను. "ఒక్కతే." ఆ తర్వాత నేను చెప్పలేదు, అతను అడగలేదు. మా ముందు కుర్చీలో గొడుగాయన కాసేపు వెనక్కి ఒరిగి చూసి, మళ్ళీ ముందుకి తిరిగిపోయాడు.

అయిపోయాక మరాయన లేచి, పంచె దులుపుకుని అన్నాడు: "ఆ కుట్టుషాపు ఎటు?"

"ఎందుకు?"

"నా పంచె అంచు ఊడింది," అన్నాడు. చూశాను. అంచు బాగానే ఉంది.

*

షాపు ఇరుకు గది. గోడలకి నీలం గౌన్లు, తెల్ల చొక్కాలు దండెం కట్టి వేలాడుతున్నాయి, కాళ్ళూ చేతులూ లేని పిల్లల్లా. ఆదివారమైనా మిషన్లు ఆడుతున్నాయి. మా ఆవిడ కిటికీ పక్క మిషను ముందు, మెడలో టేపు, జడలో తెల్లదారం ముక్క. గౌను మడతలు పెడుతూ తలెత్తింది. మిషను చక్రాన్ని చేత్తో ఆపింది.

నేను నోరు తెరిచేలోగా మరాయన గుమ్మంలోంచే అందుకున్నాడు. వీధంతా వినబడింది.

"చెల్లెమ్మా! వీడు నిన్నట్నుంచి నోరు ముయ్యట్లేదు! చెవి కొరుక్కు తింటున్నాడు!"

"ఎవరన్నయ్యా?" అంది మా ఆవిడ.

"వీడే!"

"ఈయనా?" అని నావైపు చూసింది, వేరే ఎవరికో నా చొక్కా తొడిగి తీసుకొచ్చినట్టు.

మరదలు కత్తెర బల్లమీద పెట్టింది. "అక్కా, ఒళ్ళు వెచ్చగా ఉందేమో చూడు బావగారికి."

ఆవిడ మొహంలో ఏదో మార్పుంది. కాసేపు చూస్తే తెలిసింది.

"కళ్ళద్దాలు ఎప్పుడు తీసుకున్నావు?" అన్నాను.

ఆవిడ చెయ్యి అద్దాల మీదకి వెళ్ళింది. "వచ్చిన వారానికే. నిమ్మకాయైతే చేతికి తెలిసేది. సూదిబెజ్జం చేతికి తెలీదుగా."

"ఫోనులో చెప్పలేదే?"

"మీరు అడగలేదే?"

మిషన్లన్నీ ఆగి ఉన్నాయి. ఏదో ఒకటి అనాలి. "బాగున్నాయి," అన్నాను. "ముక్కు మీద కొంచెం జారుతున్నాయి. ఎడమవైపు కాడ వంచితే సరిపోతుంది."

ఆవిడ తల దించుకుని గౌను మడత ఒకటి సరిచేసింది. సరిగ్గా ఉన్న మడతే.

"సాయంత్రం ఇంకో కచేరీ ఉంది," అన్నాను. "ఎవరో పెద్దాయన పాడతారట. నువ్వూ..."

"నాకు పాసు లేదుగా."

"పాసు సంగతి మా తమ్ముడు చూసుకుంటాడు! కుర్చీ మనదే చెల్లెమ్మా!" అన్నాడు మరాయన. మాటలు అందవంటాడు కానీ ఇలాంటివి అందుతాయి.

"వస్తాను," అంది ఆవిడ. "విని, మళ్ళీ ఇక్కడికే వస్తాను. ఇంకా చాలా గౌన్లున్నాయి."

"అలాగే," అన్నాను. దార్లో నడుస్తుంటే ఆ చివరి మాటే చెవిలో ఆడింది. మళ్ళీ ఇక్కడికే.

*

సాయంత్రం మరాయన తమ్ముడు ఎక్కడినుంచో ఒక కుర్చీ లాక్కొచ్చి నా ఎడమపక్కన వేశాడు. కుడిపక్కన మరాయన, నేను మధ్యలో. ఆవిడ ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. అద్దాల కాడ వంచుకుంది. ముందు వరసలో గొడుగాయన లేచి ఆవిడకి నమస్కారం పెట్టి కూర్చున్నాడు. ఆవిడ తిరిగి పెట్టి, "ఎవరండీ?" అని నన్నడిగింది. "మాకు తెలిసినాయనే," అన్నాను.

పాడే పెద్దాయన్ని ఇద్దరు చెరోపక్క పట్టుకుని తెచ్చి కూర్చోబెట్టారు. పాట ఎత్తుకున్నాక ఆయనకి ఎవరి సాయమూ అక్కర్లేకపోయింది. అది ఇల్లు మారే పాట. ఒక కుటుంబం పాత ఇల్లు వదిలి వెళ్ళిపోతోంది. వాకిట్లో బండి. ఒక్కో చరణంలో ఒక్కో సామాను బండెక్కుతుంది. కానీ ఇంట్లో ఒకటి బండెక్కనంటోంది, అదేమిటో ఆఖర్న చెప్తాను, అని పల్లవిలో ఊరిస్తాడు.

నేను మరాయన చెవిలో చెప్పుకుపోతున్నాను. దీపం ఎక్కింది. రోలు ఎక్కించడానికి నలుగురు పట్టారు, అక్కడ డోలు కూడా మూలిగింది. ఇప్పుడు మంచం విప్పుతున్నారు. కోళ్ళు విప్పే దగ్గర ఈయన వేళ్ళు కూడా విప్పుతున్నట్టే తిరుగుతున్నాయి. ఆ మంచం మీద పుట్టినవాళ్ళ పేర్లన్నీ వరసగా చెప్తున్నాడు. ఒక పేరు దగ్గర ఆగి నీళ్ళు తాగాడు. దాహమై కాదు.

మరాయన కళ్ళు మూసుకుని తలూపుతున్నాడు.

నా ఎడమచేతి మీద తట్టినట్టయింది. తిరిగాను.

"నాకూ చెప్పండి," అంది.

"నీకు వినిపిస్తోందిగా."

"పాట వినిపిస్తోంది. మీరు చెప్పేదే వినిపించట్లేదు."

చీకటి పడబోతున్న హాల్లో ఆవిడ అద్దాల మీద వేదిక దీపాలు రెండు చిన్న చుక్కలయ్యాయి. నేను ఇటు తిరిగి, చెయ్యి గొడుగులా పట్టి, ఆవిడ చెవి దగ్గర చెప్పాను. అందరికీ వినబడే గొంతుతో చెప్పినా సరిపోయేది, ఆవిడ చెవులు బాగానే ఉన్నాయి. నాకు వచ్చిన పద్ధతి అదొక్కటే. మంచం సంగతి చెప్పాను, వేళ్ళ సంగతి చెప్పాను, నీళ్ళ సంగతి చెప్పాను.

"నేనూ చూశాను," అంది. "ఆ పేరు దగ్గరే."

చరణం ముగిసింది. చెయ్యి ఇంకా ఆవిడ చెవి దగ్గరే ఉంది.

"పక్కగది సంగతి ఏంచేశావు?" అన్నాను.

"ఇంకా ఏమీ చెప్పలేదు. మీరేమంటారో చూద్దామని."

"ఇంటికి రమ్మంటాను."

ఆవిడ వేదిక వైపే చూస్తూ కూర్చుంది. నాకు డోలు చప్పుడు కడుపులో తెలిసింది.

"కుట్టడం మానను," అంది చివరికి. "నాకు బాగుంది అది. మిషను తెచ్చుకుంటాను. చెల్లెలి పని అక్కణ్ణుంచే చేసిస్తాను."

"షెడ్డులో పెట్టుకో."

"షెడ్డులో వెలుతురేది?"

"కిటికీ పెట్టిస్తా. తూర్పు గోడకి."

"తూర్పుకి వద్దు. పొద్దున్నే ఎండ సూటిగా కళ్ళలో పడుతుంది. ఉత్తరానికి పెట్టించండి."

"ఉత్తరం గోడకి సంచులుంటాయి."

"సంచులు జరగవా? వాటికేమైనా వేళ్ళు దిగాయా?"

"జరిపితే పంపు సామాను ఎక్కడ పెట్టను?"

"ఆ పంపు సామాను తుప్పుపట్టి ఎన్నాళ్ళయిందో తెలుసా మీకు? నేను చెప్తూనే ఉన్నా, మీరు విన్నారా?"

"విన్నాను."

"విని?"

"అందులో ఉడుత పిల్లల్ని పెట్టింది. దూలం మీదనుంచి కిందకి దించింది. అందుకని తియ్యలేదు."

ఆవిడ ఇటు తిరిగింది. "ఎన్ని పిల్లలు? ఈ సంగతి నాకు ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదు?"

చెప్పడం మొదలుపెట్టాను. కుడిపక్క మరాయన మోచేత్తో పొడుస్తున్నాడు, బండిలోకి తర్వాత ఏం ఎక్కిందని. ఆగరా, అన్నాను. గొడుగాయన మొదటిసారి వెనక్కి తిరిగి, వేలు పెదాల మీద పెట్టుకుని నావైపు చూశాడు. రిబ్బనావిడ కూడా ఎక్కణ్ణుంచో చూస్తున్నట్టుంది. మా ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నేను గొంతు ఇంకా తగ్గించి చెప్తూనే ఉన్నాను.

ఉన్నట్టుండి హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే మేమూ లేచి కొట్టాం. మరాయన అందరికంటే గట్టిగా కొట్టాడు.

కిటికీ ఉత్తరానికే పెట్టించాం. ఆ పాటలో బండెక్కనంటున్నదేమిటో మాత్రం మా ముగ్గురిలో ఎవరికీ ఇప్పటికీ తెలీదు.